పాత కారు ఇంజిన్‌లో ఆయిల్, కూలెంట్ లీకులు: మూలం కనిపెట్టే పద్ధతి

నా 1997 మోడల్ మారుతి 800లో ఇంజిన్, గేర్‌బాక్సు కలిసే చోట అడుగున ఆయిల్ చుక్క వేలాడుతుండటం చూసి ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. మెకానిక్ ఒకసారి కిందికి వంగి చూసి, "బ్యాక్ సీల్ పోయింది సార్, గేర్‌బాక్స్ దించాల్సిందే" అన్నాడు. గేర్‌బాక్స్ దించారు, ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్టు వెనక ఆయిల్‌ను ఆపే రబ్బరు సీలు మార్చారు, ఎలాగూ దించాం కదా అని క్లచ్ ప్లేటు కూడా మార్చారు. పది రోజులు తిరగకముందే అదే చోట అదే చుక్క మళ్లీ వేలాడింది. ఆ తర్వాత ఒక ఆదివారం నేనే ఇంజిన్‌ను కడిగి, ఆరబెట్టి, పొడి చల్లి, పది కిలోమీటర్లు నడిపి తెచ్చి చూస్తే, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మొదట్లో పుట్టిన దారమంత సన్నని తడి గీత ఒకటి హెడ్డు (ఇంజిన్ పై భాగం) అంచు మీదుగా దిగి గేర్‌బాక్స్ పెంకు మీదికి చేరుతోంది. అక్కడి ఓ-రింగు, అంటే గుండ్రని రబ్బరు సీలు, గోటితో నొక్కితే లొంగనంతగా ప్లాస్టిక్ గాజులా గట్టిపడిపోయి, బయటికి లాగగానే రెండు ముక్కలైంది. ఆ రింగు మార్చిన తర్వాత చుక్క ఆగిపోయింది.

ఆ రోజు నుంచి నేను పట్టుదలగా పాటిస్తున్న నియమం ఒకటే. లీకు మూలాన్ని కళ్లతో చూసేంతవరకు ఏ భాగాన్నీ మార్చకూడదు. ఆయిల్ పుట్టిన చోట నిలవదు. అది బరువుకు కిందికి జారుతుంది, బండి నడుస్తున్నప్పుడు గాలి దాన్ని వెనక్కి తోస్తుంది, చివరికి ఇంజిన్‌లో అన్నిటికంటే పల్లంగా ఉన్న బోల్టు కొసన చేరి చుక్కగా రాలుతుంది. అందువల్ల తడిగా ఉన్న చోట్లన్నిటిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందున ఉన్న తడి ఏదో వెతకాలి. కింద చెప్పబోయే పద్ధతులన్నీ ఆ ఒక్క తడిని పట్టుకోవడానికే.

ఉదాహరణకు నేను తీసుకుంటున్నది మారుతి 800లోని 796 సీసీ, మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్. 1983 డిసెంబరులో మొదలైన ఆ కారు తయారీ 2014 జనవరిలో ఆగింది. హైదరాబాద్ సహా 13 నగరాల్లో బీఎస్-4 కాలుష్య నిబంధనలు వచ్చిన 2010 ఏప్రిల్ నుంచే అక్కడ కొత్త 800 అమ్మకం నిలిచిపోయింది. అంటే ఇప్పుడు రోడ్డు మీద కనిపించే ఏ 800లోనైనా ఇంతవరకు మార్చని రబ్బరు సీలు ఉంటే దానికి పదేళ్లు ఎప్పుడో దాటాయి. జెన్, ఎస్టీమ్, పాత శాంత్రో, ఇండికా, అంబాసిడర్ ఏదైనా భాగాల స్థానాలు మారతాయి గానీ వెతికే క్రమం మారదు.

పని మొదలుపెట్టే ముందు

వేడిగా ఉన్న ఇంజిన్ మీద రేడియేటర్ క్యాప్ ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకూడదు. చాలా కార్ల క్యాపుల మీద 0.9 అని ముద్ర ఉంటుంది. అది చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోల ఒత్తిడి అని అర్థం. ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల దగ్గర కాక సుమారు 118 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి, క్యాప్ తీసిన క్షణంలో ఒత్తిడి పోయి, లోపలున్న నీరంతా ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది. పై హోస్ పైపును చేత్తో పట్టుకుని నొక్కినప్పుడు మెత్తగా, చల్లగా ఉంటేనే క్యాప్ జోలికి వెళ్లాలి.

కారు కింద దూరవలసి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దు. స్టాండ్లు పెట్టి, నేల మీద ఆనుకుని ఉన్న చక్రాలకు ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టాలి. రేడియేటర్ వెనక ఉన్న ఎలక్ట్రిక్ ఫ్యాను ఎప్పుడైనా తనంతట తాను తిరగవచ్చు, కొన్ని కార్లలో తాళం తీసేసిన తర్వాత కూడా తిరుగుతుంది. తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ నడపడం ప్రాణాంతకం. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం కాబట్టి, గిన్నెలోకి దించిన కూలెంట్‌ను వాకిట్లో కుక్కలకూ పిల్లలకూ అందేలా వదలకూడదు.

కావలసిన సామాను పెద్దగా లేదు. పెద్ద అట్టముక్క, టార్చిలైటు, పళ్ల డాక్టర్లు వాడేలాంటి చిన్న పిడి అద్దం, కిరోసిన్ లేదా డీగ్రీజర్, పాత పెయింట్ బ్రష్షు, నూలు గుడ్డలు, టాల్కమ్ పౌడర్ డబ్బా, 8 నుంచి 17 మిల్లీమీటర్ల వరకు స్పానర్లు ఉంటే సగం పని అయిపోతుంది. అద్దం అందని సందుల్లోకి మొబైల్ కెమెరాను దూర్చి వీడియో తీయడం ఇప్పుడు మనకున్న పెద్ద సౌకర్యం. రేడియేటర్‌లో ఒత్తిడి ఎక్కించి చూసే ప్రెషర్ టెస్టర్, సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ మాత్రం కొనలేకపోతే తెలిసిన గ్యారేజీలో అడిగి వాడుకోవచ్చు.

ఆ చుక్క ఏమిటో ముందు తేల్చండి

రాత్రి కారు నిలిపే చోట ఇంజిన్ కింద అట్టముక్క పరచండి. ముందు చక్రాలు ఎక్కడ ఆగాయో అట్ట మీద పెన్నుతో గుర్తు పెట్టండి. పొద్దున అట్టను బయటికి లాగినా మరక ఇంజిన్‌కు ఏ వైపు ఉందో ఆ గుర్తులే చెబుతాయి. బెల్టుల వైపు పడిందా, గేర్‌బాక్స్ వైపు పడిందా, రేడియేటర్ కింద పడిందా అన్నది తెలిస్తే వెతకవలసిన స్థలం మూడో వంతుకు తగ్గుతుంది.

తర్వాత చుక్కను వేలికి రాసుకుని చూడండి. ఇంజిన్ ఆయిల్ గోధుమ రంగులోనో నల్లగానో ఉండి, వేళ్ల మధ్య జారుతుంది, నీళ్లతో కడిగినా పోదు. గేర్ ఆయిల్ ఇంకా చిక్కగా ఉండి, కుళ్లిన గుడ్డును గుర్తు చేసే గంధకపు వాసన వస్తుంది. బ్రేక్ ఫ్లూయిడ్ పలుచగా లేత పసుపు రంగులో ఉంటుంది, పెయింట్ మీద పడితే దాన్ని తినేస్తుంది. అది కారుతున్నదని తేలితే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు బ్రేకులు చూపించుకోండి. కూలెంట్ ఆకుపచ్చగానో ఎర్రగానో ఉండి, తియ్యటి వాసనతో కొంచెం జిగురుగా తగులుతుంది. రంగు, వాసన, జిగురు ఏవీ లేని నీరు ఏసీ వేసి తిరిగి వచ్చిన తర్వాత ముందు సీటు కింది భాగంలో పడితే అది ఏసీ నీరు, దానికి భయపడనక్కర్లేదు. అయితే ఒక జాగ్రత్త ఉంది. మన దగ్గర చాలా పాత కార్లలో కూలెంట్ బదులు ఏళ్ల తరబడి కుళాయి నీళ్లో బోరు నీళ్లో పోస్తూ వచ్చారు. అటువంటి బండిలో రేడియేటర్ నీటికి కూడా రంగూ వాసనా ఉండవు కనుక, లీకు వెతకడానికి ముందే సరైన కూలెంట్ పోయడం మంచిది. ఆకుపచ్చ రంగే సగం గూఢచారి పని చేస్తుంది.

చల్లని ఇంజిన్ చెప్పే కబుర్లు

పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేయకముందు, కారు సమతలం మీద ఉండగా ఆయిల్ మట్టం చూపే పుల్ల, డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడండి. ఆయిల్ మట్టం ఎక్కడుందో, కూలెంట్ రిజర్వ్ బాటిల్‌లో ఏ గీత దగ్గరుందో, కిలోమీటర్ల అంకెతో సహా ఒక చిన్న పుస్తకంలో రాయండి. వారం పాటు ఇలా రాస్తే లీకు వేగం అంకెల్లో తెలుస్తుంది. నిమిషానికి ఒక్క చుక్క రాలితే రోజుకు 1440 చుక్కలు, అంటే సుమారు 70 మిల్లీలీటర్లు. మారుతి 800 లాంటి చిన్న ఇంజిన్ పట్టే ఆయిలే మూడు లీటర్ల లోపు కాబట్టి, ఆ వేగంతో రెండు వారాల్లో లీటరు పోతుంది. మరోవైపు, నేల మీద అరచేయంత మరక చూసి గుండె జారినా మట్టం వెంట్రుకవాసి కూడా తగ్గని సందర్భాలు ఎన్నో. నూనె మరక ఎప్పుడూ ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పై గీత దాటి ఉన్నా అనుమానించాలి. పోయకుండానే పెరిగిందంటే కూలెంట్ లోపల కలుస్తూ ఉండవచ్చు. కార్బురేటర్ బండ్లలో మెకానికల్ ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ (లోపలి పలుచని పొర) చిల్లుపడి పెట్రోలు ఆయిల్‌లో కలవడం కూడా జరుగుతుంది. అప్పుడు డిప్‌స్టిక్ వాసన చూస్తేనే తెలిసిపోతుంది.

కడగడం, ఆరబెట్టడం, పొడి చల్లడం

చాలామంది దాటవేసే మెట్టు ఇదే, నా దృష్టిలో మొత్తం పనికి ప్రాణం కూడా ఇదే. ఇరవై ఏళ్ల దుమ్మూ నూనే కలిసి జిడ్డుకట్టిన ఇంజిన్ మీద కొత్త లీకు వెతకడమంటే బురదలో అడుగుజాడలు వెతికినట్టే.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ కనెక్షన్ తీసేయండి. డిస్ట్రిబ్యూటర్‌కు, ఆల్టర్నేటర్‌కు, ఎయిర్ ఫిల్టర్ మూతికి ప్లాస్టిక్ సంచులు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేయండి. బ్రష్షును కిరోసిన్‌లో ముంచి పై నుంచి కిందికి రుద్దుతూ రావాలి, ఆ సమయంలో దరిదాపుల్లో నిప్పు ఉండకూడదు. రబ్బరు బెల్టుల మీద కిరోసిన్ పడకుండా చూసుకోండి. జిడ్డు కరిగాక కొంచెం సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డతో ఒత్తి, ఎండలో బానెట్ తెరిచి రెండు గంటలు వదిలేయండి. సర్వీస్ స్టేషన్లలో కొట్టే హైప్రెషర్ పంపును నేను పాత ఇంజిన్ల మీద వాడనివ్వను. అది సీళ్ల సందుల్లోకీ వైర్ల జాయింట్లలోకీ నీటిని తోసి, లేని జబ్బులు తెచ్చిపెడుతుంది.

పూర్తిగా ఆరిన లోహం మీద, అనుమానమున్న వైపంతా టాల్కమ్ పౌడర్‌ను పలుచగా చల్లండి, లేదా మెత్తని బ్రష్షుతో అద్దండి. ఎయిర్ ఫిల్టర్ మూతిలోకి పోకుండా చూడాలి. ఇప్పుడు సంచులన్నీ తీసేసి, బ్యాటరీ కనెక్షన్ మళ్లీ కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేంతవరకు నిలిపిన చోటే నడపండి. ఆపి టార్చితో చూడండి. ఏమీ కనిపించకపోతే పది కిలోమీటర్లు తిప్పి తెచ్చి మళ్లీ చూడండి. తెల్లని పొడి మీద ఆయిల్ ఊరిన చోట నల్లని చుక్క, అక్కడి నుంచి కిందికి నల్లని గీత స్పష్టంగా అచ్చు పడతాయి. గీతకు పై కొస ఎక్కడో అదే మూలం. వెంటనే ఫోటో తీసుకోండి, ఇంకో అరగంట నడిపితే గీతలన్నీ కలిసిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

పొడికి దొరకని లీకులకు యూవీ డై, అంటే అతినీలలోహిత వెలుగులో మెరిసే రంగు ఉంది. ఆయిల్‌కు ఒకటి, కూలెంట్‌కు వేరొకటి దొరుకుతాయి, సీసా మీద రాసిన మోతాదులో కలిపి, అరగంట నడిపి, చీకట్లో యూవీ టార్చి వేస్తే లీకు దారి పసుపుపచ్చగా మెరుస్తుంది. చాలా ఆకుపచ్చ కూలెంట్లు డై కలపకపోయినా ఆ వెలుగులో మెరుస్తాయి కనుక ముందు ఖాళీగా టార్చి వేసి చూడటం మంచిది.

ఆయిల్: పై నుంచి కిందికి

మొదట చూడవలసింది ఇంజిన్ నెత్తిన ఉన్న ట్యాపెట్ కవర్. దాని కింద సందు మూసే రబ్బరు గ్యాస్కెట్ వేడికి ఏళ్ల తరబడి ఉడికి బిగుసుకుపోతుంది, ముఖ్యంగా మనకు కనిపించని వెనక మూలల్లో ముందుగా కారుతుంది. అద్దం పెట్టి వెనక అంచంతా చూడండి. కారుతోందని నట్లు ఇంకా బిగించడం చాలామంది చేసే తప్పు. పలుచని రేకు కవర్ అంచు వంగిపోతే కొత్త గ్యాస్కెట్ వేసినా కూర్చోదు. పాత గ్యాస్కెట్‌ను గోటితో నొక్కండి, గుంట పడకపోతే దాని ఆయుష్షు తీరినట్టే. ట్యాపెట్ కవర్ నుంచి కారిన ఆయిల్ వేడి పొగ గొట్టమైన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడితే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాడిన నూనె వాసన, బానెట్ సందుల్లోంచి నీలి పొగ వస్తాయి. అది నిప్పుకు దారితీయగల లీకు కాబట్టి దాన్ని వాయిదా వేయకూడదు.

ఆ తర్వాత హెడ్డుకు గేర్‌బాక్స్ వైపు చివరన ఉన్న డిస్ట్రిబ్యూటర్. నా అనుభవం మొదట్లోనే చెప్పాను. దాన్ని తీసే ముందు డిస్ట్రిబ్యూటర్ బాడీకీ అది కూర్చున్న చోటుకూ కలిపి ఒక గీత గీసి, క్యాప్ విప్పి రోటర్ ఎటు చూస్తోందో ఫోటో తీసుకోండి. తీసిన తర్వాత ఇంజిన్‌ను తిప్పకుండా, గీతకు గీత కలిపి బిగిస్తే ఇగ్నిషన్ టైమింగ్ చెడదు. కార్బురేటర్ మోడళ్లలో మెకానికల్ ఫ్యూయల్ పంపు కింది గ్యాస్కెట్ కూడా ఇదే ఎత్తులో కారే మరో చోటు.

ఇంకొంచెం కిందికి వస్తే ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఆయిల్ ఫిల్టర్ వస్తాయి. ఈ రెండింటి వెనకా పంపు ఒత్తిడితో ఆయిల్ ఉంటుంది కనుక, వీటి లీకు తీరే వేరు. ఆగి ఉన్న బండిలో ఏమీ కనిపించదు, ఇంజిన్ నడిచేటప్పుడు చిమ్ముతుంది, మట్టం తొందరగా పడిపోతుంది. ప్రెషర్ స్విచ్ వైరు ఊడదీసి చూడండి. ప్లాస్టిక్ తలలోంచి ఆయిల్ ఊరుతుంటే, వైరు కొస లోపల తడిగా ఉంటే స్విచ్ మార్చాలి. ఫిల్టర్ మార్చిన వెంటనే లీకు మొదలైతే పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండగా దాని మీదే కొత్తది బిగించారేమో చూడండి. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే ఎంత బిగించినా ఆగదు.

బెల్టుల వైపున, వాల్వులను తెరిచే కామ్ షాఫ్టు సీలు, క్రాంక్ షాఫ్టు ముందు సీలు టైమింగ్ కవర్ వెనక దాగి ఉంటాయి. కవర్ కింది అంచు నుంచి ఆయిల్ రాలుతుంటే, క్రాంక్ పుల్లీ చుట్టూ ఉన్న బాడీ మీద చక్రాకారంగా నూనె చిమ్మిన జాడ ఉంటే అనుమానం వీటి మీదే. ఈ ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు రబ్బరుది, నూనె తగిలితే ఉబ్బి, పళ్లు ఊడి, తెగుతుంది. బెల్టు తెగితే బండి నడిరోడ్డు మీద అక్కడికక్కడే ఆగిపోతుంది. అందుకే సీలు మార్చేటప్పుడు ఆయిల్ తాగిన బెల్టును తుడిచి మళ్లీ వేయనివ్వకండి.

చివరగా ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టి అయిన ఆయిల్ చాంబర్, దాని డ్రెయిన్ బోల్టు. రాత్రంతా ఆగి ఉన్న బండిలోనూ చుక్కలు పడుతూనే ఉంటే, పైభాగమంతా పొడిగా ఉంటే, ముందు డ్రెయిన్ బోల్టు వాషర్ చూడండి. ఆయిల్ మార్చినప్పుడల్లా ఆ వాషర్ కూడా మార్చాలి గానీ ఎవరూ మార్చరు. చాంబర్ రేకు రాళ్లకు తగిలి సొట్టపడి సన్నని పగులు ఇచ్చిందేమో కూడా గుడ్డతో తుడిచి చూడాలి. ఇవన్నీ పొడిగా ఉన్నాయని తేలాక మాత్రమే, ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య సందులోంచి ఇంజిన్ ఆయిల్ వస్తుంటే బ్యాక్ సీల్ పేరు ఎత్తాలి. ఆ చుక్క గేర్ ఆయిల్ కాదని వాసన చూసి నిర్ధారించుకోవడం మరవకూడదు, ఎందుకంటే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు సీలు పోయినా ఆయిల్ అదే సందులోంచి కారుతుంది. పాత అంబాసిడర్‌లో వాడిన బీఎంసీ బీ-సిరీస్ ఇంజిన్‌కు వెనకవైపు రబ్బరు సీలే ఉండదు, షాఫ్టు మీది మరలాంటి గాడి ఆయిల్‌ను లోపలికి తిప్పి పంపుతుంది. ఆ బండి కింద అప్పుడప్పుడు పడే చుక్కను జబ్బుగా లెక్కపెట్టనక్కర్లేదు.

ఒకేసారి రెండు మూడు సీళ్లు కారడం మొదలైతే సీళ్లను తప్పుపట్టే ముందు ఇంజిన్ శ్వాసను చూడండి. పిస్టన్లను దాటి కిందికి వచ్చే పొగను ట్యాపెట్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్ వైపో, ఇన్‌టేక్ మానిఫోల్డ్ వైపో తీసుకుపోయే రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. కొన్ని బండ్లలో దాని దారిలో ఆ పొగను అదుపు చేసే పీసీవీ వాల్వు ఉంటుంది. ఆ గొట్టం జిడ్డుతో పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనమైన ప్రతి సీలు నుంచీ ఆయిల్‌ను బయటికి నెడుతుంది. ఇంజిన్ నిదానంగా నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పలుచని కాగితం పెట్టండి. కాగితం అతుక్కున్నట్టు ఉంటే మంచిది. ఎగిరిపడుతుంటే గొట్టం విప్పి కిరోసిన్‌తో కడిగి మళ్లీ చూడండి. గొట్టం శుభ్రంగా ఉండి కూడా పొగ గుప్పుగుప్పున వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయన్న మాట, ఇక సీళ్లు ఎన్ని మార్చినా ఆరు నెలలకు మించి నిలవవు.

కూలెంట్: చల్లగా ఒక వేషం, వేడిగా ఒక వేషం

ఆయిల్‌లా కాకుండా కూలెంట్ తన జాడను తానే చెరిపేసుకుంటుంది. వేడి లోహం మీద పడగానే ఆవిరైపోయి, వెనక తెల్లని సున్నపు పొరనో ఆకుపచ్చ పొక్కునో వదిలిపోతుంది. కాబట్టి కూలెంట్ విషయంలో తడికంటే ఎండిన మరకకే విలువ ఎక్కువ. ఇంజిన్‌ను కడిగే ముందే హోస్ పైపుల కొసలు, రేడియేటర్ జాయింట్లు, వాటర్ పంప్ చుట్టూ టార్చితో చూసి ఆ పొక్కుల ఫోటోలు తీసి పెట్టుకోండి. కడిగితే ఆ సాక్ష్యం పోతుంది.

రేడియేటర్ క్యాప్‌తో మొదలుపెట్టండి. దాని కింది రబ్బరు పగిలినా, స్ప్రింగు బలం తగ్గినా నీరు మరిగే స్థాయికి ముందే రిజర్వ్ బాటిల్‌లోకి పోయి పొర్లిపోతుంది. క్యాప్ మధ్యలో చిన్న బిళ్లలాంటి వాల్వు ఉంటుంది. ఇంజిన్ చల్లారేటప్పుడు బాటిల్‌లోని నీటిని అదే వెనక్కి రానిస్తుంది. అది పట్టేస్తే పొద్దున చూసేసరికి పై హోస్ పైపు లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తుంది. క్యాప్ చవకైన వస్తువు కాబట్టి, మూలం చూడనిదే మార్చవద్దన్న నా నియమానికి దీన్ని ఒక్కదాన్నే మినహాయిస్తాను. అయితే అదే అంకె ముద్ర ఉన్నదే కొనాలి.

హోస్ పైపులను పూర్తి పొడవునా పిసికి చూడండి. మంచి పైపు నొక్కితే లొంగి మళ్లీ లేస్తుంది. కరకరలాడితే లోపల ఎండిపోయింది, మెత్తగా ఉబ్బి ఉంటే నూనె తగిలి చెడింది. క్లిప్పుల దగ్గర కారే లీకుకు ఒక విచిత్రమైన స్వభావం ఉంది. తెల్లవారుజామున చల్లదనానికి రబ్బరు ముడుచుకున్నప్పుడు నాలుగు చుక్కలు పడి, ఇంజిన్ వేడెక్కగానే ఆగిపోతుంది. మధ్యాహ్నం గ్యారేజీకి తీసుకెళ్తే మెకానిక్‌కు ఏమీ కనిపించదు. అందుకే తెల్లవారుజాము పరీక్ష మీరే చేయాలి.

వాటర్ పంప్ బాడీ కింద పెన్సిల్ మొన పట్టేంత రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి సీలు అరిగినప్పుడు నీరు బేరింగులోకి పోకుండా బయటికి వచ్చేందుకే ఆ రంధ్రం పెట్టారు. అక్కడ తడిగానీ, తుప్పు రంగు చారగానీ కనిపిస్తే పంపు పని అయిపోయింది. దాన్ని ఎం-సీల్ ముద్దతో మూసిన బండ్లను నేను చూశాను. అలా మూస్తే నీరు బేరింగులోకి ఎక్కి, పంపు పట్టేసి, బెల్టును కూడా తెంపుతుంది. పుల్లీని పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి, వదులుగా ఊగితే సీలు కారకపోయినా మార్చే రోజు దగ్గరపడినట్టే.

ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని ఆపి ఉంచే థర్మోస్టాట్ పెట్టె గ్యాస్కెట్, ఫ్యాను స్విచ్ మొదలు, కొన్ని కార్బురేటర్ ఇంజిన్లలో ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు వెళ్లే చిన్న నీటి పైపులు, బ్లాకు పక్కన కొట్టి ఉండే గుండ్రని ఇనుప వెల్చ్ ప్లగ్గులు వరసగా చూసుకుంటూ వెళ్లండి. ఏళ్లపాటు బోరు నీళ్లు తాగిన ఇంజిన్‌లో వెల్చ్ ప్లగ్గు లోపలి నుంచి తుప్పు తిని కాగితమంత పలుచనై ఉంటుంది. బయటికి ఎర్రని చుక్క మాత్రమే కనిపిస్తుంది, దాన్ని స్క్రూడ్రైవర్‌తో గుచ్చి పరీక్షించకండి, అక్కడికక్కడే చిల్లు పడుతుంది. ఎండాకాలం వేడికి థర్మోస్టాట్ అక్కర్లేదని తీసి పారేసే అలవాటు మన మెకానిక్కుల్లో ఉంది. దానివల్ల ఇంజిన్ వేడెక్కవలసినంత వేడెక్కక ఆయిల్‌లో చెమ్మ నిలుస్తుంది, రాబోయే పరీక్షల్లో అది తప్పుదారి పట్టిస్తుంది.

హీటర్ వాడని మన ఊళ్లలో అందరూ మరిచిపోయే లీకు డ్యాష్‌బోర్డు లోపలి చిన్న రేడియేటర్ లాంటి హీటర్ కోర్. ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి తడిమి చూడండి. తడి జిగురుగా, తియ్యటి వాసనతో ఉంటే, ముందు అద్దం లోపలివైపు తుడిచినా పోని జిడ్డు మంచు పడుతుంటే కోర్ కారుతోంది. అదే తడి ఏ వాసనా లేని నీరైతే ఏసీ డ్రెయిన్ పైపు పూడుకుపోయి ఉంటుంది.

కంటికి ఏదీ దొరకనప్పుడు ప్రెషర్ టెస్టర్ వాడాలి. చల్లని ఇంజిన్‌లో రేడియేటర్‌ను నిండుగా నింపి, క్యాప్ స్థానంలో టెస్టర్ బిగించి, క్యాప్ మీద ముద్రించిన ఒత్తిడి వరకు మాత్రమే పంపు కొట్టండి. అంతకు మించి కొడితే మంచి పైపులు కూడా ఊడతాయి. పదిహేను నిమిషాలు ముల్లును చూడండి. ముల్లు పడిపోతుంటే చెవి పెట్టి వినండి, వేలితో జాయింట్ల కింద తడిమి చూడండి. ఇంజిన్ వేడిగా లేదు కనుక కారిన ప్రతి చుక్కా చుక్కగానే నిలుస్తుంది. ఈ పరీక్ష అందం అదే.

బయట పొడిగా ఉండి లోపల తగ్గుతుంటే

ముల్లు పడిపోతున్నా బయట ఒక్క చుక్క కనిపించకపోతే నీరు ఇంజిన్ లోపలికే పోతోంది. అక్కడ మొదటి అనుమానం హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ మీద. ఏ ఒక్క లక్షణాన్నీ పట్టుకుని తీర్పు చెప్పకండి. ఆయిల్ మూత లోపల పాలు కలిసిన కాఫీ రంగు మీగడ కనిపిస్తే గుండె ఆగినంత పని అవుతుంది, కానీ రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో వానాకాలం చెమ్మకు కూడా మూత కింద కొంచెం మీగడ కడుతుంది. డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా అదే రంగులో ఉంటేనే నీరు కలిసిందని అనుకోవాలి. అప్పుడు ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయకూడదు, నీరు కలిసిన ఆయిల్‌తో బేరింగులు ఎక్కువసేపు బతకవు.

చల్లని ఇంజిన్‌లో రేడియేటర్ క్యాప్ తీసి, నీరు అంచుదాకా నింపి, స్టార్ట్ చేయించి చూడండి. మొదటి నిమిషంలో గాలి బుడగలు రావడం సహజం. ఆ తర్వాత కూడా యాక్సిలరేటర్ నొక్కిన ప్రతిసారీ బుడగలు వరసగా వస్తూనే ఉంటే సిలిండర్ పొగ నీటిలోకి దూరుతోంది. క్యాప్ బిగించి స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే, నీరు ఇంకా చల్లగా ఉండగానే పై హోస్ రాయిలా బిగుసుకోవడం కూడా ఆ లక్షణమే. నిర్ధారణకు నీలి రంగు ద్రవంతో చేసే బ్లాక్ టెస్టు ఉంది. రేడియేటర్ మూతి దగ్గరి గాలిని ఆ ద్రవంలోంచి పీల్చినప్పుడు అది పసుపు రంగుకు తిరిగితే అందులో సిలిండర్ పొగ ఉన్నట్టు.

స్పార్క్ ప్లగ్గులు మూడూ విప్పి పక్కపక్కన పెట్టి చూడండి. రెండు గోధుమ రంగులో ఉండి ఒకటి మాత్రం ఆవిరితో తోమినట్టు తెల్లగా మెరుస్తుంటే నీరు పోతున్నది ఆ సిలిండర్‌లోకే. ప్లగ్గులన్నీ తీసే ఉన్నాయి కనుక కంప్రెషన్ కూడా కొలవండి. ఇంజిన్ కొంచెం వేడిగా, బ్యాటరీ నిండుగా ఉండాలి, ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య చదరపు సెంటీమీటరుకు ఒక కిలోకు మించి తేడా ఉంటే తక్కువ ఉన్నదానిలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో హెడ్ గ్యాస్కెట్టో. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ ఒకేలా తగ్గి ఉంటే వాటి మధ్య గ్యాస్కెట్ కాలి ఉండే అవకాశం ఎక్కువ.

హెడ్డు దించవలసి వస్తే గ్యాస్కెట్ ఒక్కటే మార్చి మూసేయనివ్వకండి. అల్యూమినియం హెడ్డు వేడెక్కి వంగి ఉంటే కొత్త గ్యాస్కెట్ కూడా నెలల్లో కాలుతుంది. స్టీలు స్కేలు అంచును హెడ్డు మీద ఐమూలగా నిలిపి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) దూరుతుందేమో మీ కళ్ల ముందే చూపమని అడగండి. దూరితే లేత్‌కు పంపి ఫేసింగ్ చేయించాలి, అంటే అడుగు తలాన్ని చదును చేయించాలి. బోల్టులను మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతలుగా, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తోనే బిగించాలి.

ఏది ఆగుతుంది, ఏది ఆగదు

మూలం దొరికాక దాన్ని చెమ్మ, ఊట, ధార అని మూడుగా విడదీసి చూస్తాను. పొడి మీద తడి మచ్చ మాత్రమే ఉండి చుక్క కట్టని చెమ్మను వచ్చే సర్వీసు దాకా వదిలేయవచ్చు. చుక్క కట్టే ఊటకు నెల గడువు ఇచ్చి, వారానికోసారి డిప్‌స్టిక్ చూడాలి. ఆయిల్ ధార కట్టినా, ఎగ్జాస్ట్ మీద గానీ టైమింగ్ బెల్టు మీద గానీ పడుతున్నా, ఆయిల్ ప్రెషర్ లైటు ఒక్కసారి వెలిగినా బండి కదపకూడదు. కూలెంట్ విషయంలో మాత్రం నేను చెమ్మను కూడా నెల దాటనివ్వను. ఆయిల్ తగ్గడానికి వారాలు పడుతుంది, ఊరిన హోస్ పైపు పగలడానికి ఒక్క ఎండాకాలపు ట్రాఫిక్ జామ్ చాలు.

రేడియేటర్ కారినప్పుడు పిడికెడు పసుపు పోయడం మన రోడ్ల మీద తరతరాల లారీ డ్రైవర్ల చిట్కా. అడవి మధ్యలో ఇల్లు చేరడానికి అది నిజంగానే పనికొచ్చి ఉండవచ్చు, కానీ ఆ పసుపు చిల్లునే కాక రేడియేటర్ సన్నని గొట్టాలనూ హీటర్ కోర్‌నూ కూడా పూడుస్తుంది. ఎప్పుడైనా పోయవలసి వస్తే ఇల్లు చేరిన మర్నాడే మొత్తం దించి, కడిగి, చిల్లును టంకం వేయించండి. సిలికాన్ పేస్టు కూడా అటువంటిదే. గ్యాస్కెట్ చుట్టూ చేతినిండా పూస్తే లోపలికి పొంగిన ముక్కలు ఊడి చాంబర్‌లోని జల్లెడకు అడ్డం పడతాయి.

మరమ్మతు అయ్యాక కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి నింపి, గాలి బుడగలు పోయేదాకా క్యాప్ తీసే ఇంజిన్ నడిపి మట్టం సరిచేయండి. పాత ఆయిల్‌ను, కూలెంట్‌ను కాలువలో పారబోయకుండా డబ్బాలో పట్టి వర్క్‌షాపులో ఇవ్వండి. మార్చిన చోట మళ్లీ పలుచగా పొడి చల్లి యాభై కిలోమీటర్లు నడపండి. ఆ రాత్రి కొత్త అట్టముక్క పరిచి, దాని మూలన తేదీ, కిలోమీటర్ల అంకె రాయండి. పొద్దున అట్ట పొడిగా ఉన్నా పారేయకండి, వారం తర్వాత దాన్నే మళ్లీ పరిచి చూడాలి.